ఉపవాసానికి ముందు ఒక్క మాట

(చదువుల కేంద్రంలో ఒక డాక్టరమ్మ చేసిన ప్రసంగం)

 

ఈ రోజు మీతో ఉపవాసం గురించి మాట్లాడాలని వచ్చాను. ఉపవాసం మనకి కొత్త కాదు. ఏకాదశికి ఉంటాం. శివరాత్రికి ఉంటాం. కార్తీక సోమవారాలు ఒక్కపొద్దు ఉంటాం. ముస్లింలు రంజాన్ నెలంతా రోజా ఉంటారు. క్రైస్తవులు శ్రమల దినాల్లో ఉంటారు. "లంఖణం పరమౌషధం" అని మన పెద్దలు చెబుతూనే ఉంటారు.

ఆ మాట తప్పని చెప్పడానికి నేను రాలేదు. అందులో మేలు ఎంత ఉంది, ప్రమాదం ఎంత ఉంది, రెండూ చెబుదామని వచ్చాను. ఒక పూట, ఒక రోజు ఉండే ఉపవాసం సంగతి వేరు. వారం, పది రోజులు, ఇరవై రోజులు ఉండే ఉపవాసం సంగతి వేరు. నేను చెప్పేది ముఖ్యంగా ఈ రెండోదాని గురించి.

పెద్దమ్మ చెప్పిన పాఠం

ముందు ఒక సంగతి చెబుతాను. ఇది నా కళ్లెదుట జరిగింది.

మా ఆసుపత్రికి ఒక పెద్దమ్మ వస్తూ ఉండేది. ఆమెకి ఏడేళ్లుగా షుగరు ఉంది. బీపీ కూడా ఉంది. నెలనెలా వచ్చి బిళ్లలు తీసుకుపోయేది. ఒక్క రోజు కూడా మందు మానేది కాదు. "మందు మాత్రం మానకు పెద్దమ్మా" అని నేను ప్రతిసారీ చెప్పేదాన్ని.

ఒకసారి పక్కింటి కుర్రాడు ఆమెకి ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఇరవై ఒక్క రోజులు అన్నం మానేసి, నిమ్మరసం నీళ్లు తాగితే షుగరు వేళ్లతో సహా పోతుందని అందులో చెప్పారట. పెద్దమ్మకి ఆశ పుట్టింది. ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టింది. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు పొద్దున బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయింది. ఒళ్లంతా చెమటలు. మాట తడబడింది. ఆటోలో వేసుకుని తీసుకొచ్చారు.

వేలి చివర రక్తం చుక్క తీసి చూశాను. షుగరు 42 ఉంది. 70 కన్నా తగ్గితేనే మేం కంగారు పడతాం. వెంటనే రక్తనాళంలోకి గ్లూకోజు ఎక్కించాం. కాసేపటికి కళ్లు తెరిచింది. ఆ రాత్రంతా ఆసుపత్రిలోనే ఉంచుకుని గంటగంటకీ షుగరు చూశాం. ఎందుకంటే ఆమె వేసుకునే బిళ్ల పని చాలా గంటలు సాగుతుంది.

మర్నాడు అడిగాను. "తిండి మానేసినదానివి బిళ్ల ఎందుకు వేసుకున్నావు పెద్దమ్మా?"

ఆమె ఏమందో తెలుసా? "తిండి మానేశాను గానీ మందు మానలేదమ్మా. మందు మానొద్దని నువ్వేగా చెప్పావు!"

నాకు నోట మాట రాలేదు. ఆమె నా మాటే విన్నది. తప్పు ఆమెది కాదు. ఏడేళ్లలో నేను ఒక్కసారి కూడా "నువ్వు ఉపవాసాలుంటావా?" అని అడగలేదు. తిండి మానితే మందు ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ రోజు నుంచి షుగరు ఉన్న ప్రతివారినీ ఆ మాట అడుగుతున్నాను. ఈ రోజు మీ దగ్గరికి రావడానికి కూడా ఆ పెద్దమ్మే కారణం.

తిండి మానితే లోపల ఏం జరుగుతుంది?

మన ఒళ్లు ఒక పొయ్యి లాంటిది. అది రాత్రీ పగలూ మండుతూనే ఉండాలి. మనం తినే తిండే దానికి వంటచెరకు.

ఇంట్లో కట్టెలు ఎక్కడెక్కడ ఉంటాయి? పొయ్యి పక్కన నాలుగు పుల్లలుంటాయి. పెరట్లో కట్టెల మోపు ఉంటుంది. రెండూ అయిపోతే? ఇంటి వాసాలు పీకి పొయ్యిలో పెట్టాలి. అంతే కదా!

ఒంట్లో కూడా ఇలాగే ఉంటుంది.

పొయ్యి పక్కన పుల్లలంటే చక్కెర నిల్వ. ఇది కాలేయంలో ఉంటుంది. మేకకి కార్జం అంటామే, అదే మనిషికి కాలేయం. తిండి మానిన ఒక రోజులో ఈ నిల్వ చాలావరకు అయిపోతుంది.

పెరట్లో మోపు అంటే కొవ్వు. పొట్ట మీద, నడుం చుట్టూ, తొడల మీద ఉండేది. చక్కెర నిల్వ తగ్గగానే ఒళ్లు కొవ్వుని కరిగించడం మొదలుపెడుతుంది. కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లు అనే పదార్థాలు తయారు చేస్తుంది. మామూలుగా చక్కెర మీద బతికే మెదడు అప్పుడు కీటోన్లని కూడా వాడుకుంటుంది. ఉపవాసంలో నోరు ఒక రకమైన వాసన వెయ్యడానికి ఇదొక కారణం.

ఇంటి వాసాలంటే కండ. ఉపవాసంలో కొవ్వుతో పాటు కండ కూడా కొంత కరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ నష్టం పేరుకుంటుంది. ఒక మాట మరవకండి. గుండె కూడా కండే.

మరి మేలు లేదా? ఉంది

దీని మీద డాక్టర్లు పరిశోధనలు చేశారు. రెండు చెబుతాను.

అమెరికాలోని కాలిఫోర్నియాలో బీపీ ఉన్న 174 మందిని ఆసుపత్రిలో ఉంచి, సగటున పది పదకొండు రోజులు నీళ్లే ఇచ్చారు. డాక్టర్లు రోజూ చూస్తూనే ఉన్నారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. బీపీలో పై అంకె సగటున 37 తగ్గింది. కింది అంకె 13 తగ్గింది. ఇది చిన్న తగ్గుదల కాదు.

రెండోది జర్మనీలో జరిగింది. యూబర్లింగన్ అనే ఊళ్లో, ఒక పెద్ద సరస్సు ఒడ్డున ఉపవాస చికిత్స చేసే ఆసుపత్రి ఉంది. అక్కడ 1,422 మంది 4 రోజుల నుంచి 21 రోజుల దాకా ఉపవాసం ఉన్నారు. వాళ్లకి ఉత్త నీళ్లే కాదు, పండ్లరసం, కూరగాయల చారు ఇచ్చారు. అన్నీ కలిపి రోజుకి 200 నుంచి 250 కేలరీలు. మామూలుగా పెద్ద మనిషికి రోజుకి సుమారు 2,000 కేలరీలు కావాలి. అంటే ఎనిమిదో వంతుకి మించదన్నమాట. ఈ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. వాళ్ల బరువు తగ్గింది. నడుం చుట్టుకొలత తగ్గింది. బీపీ తగ్గింది. రక్తంలో చక్కెర, కొవ్వు కూడా తగ్గాయి.

ఎందుకు తగ్గాయి? తిండి లేనప్పుడు ఒంట్లో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే మూత్రపిండాలు ఉప్పుని, నీటిని ఎక్కువగా బయటికి పంపుతాయి. దానితో బీపీ దిగుతుంది. కాలేయంలో పేరుకున్న కొవ్వు కరుగుతుంది. ఉన్న ఇన్సులిన్ బాగా పని చేస్తుంది.

కాబట్టి పెద్దల మాటలో నిజం ఉంది. అయితే మూడు సంగతులు కూడా తెలుసుకోవాలి.

ఒకటి. మొదటి నాలుగైదు రోజుల్లో తగ్గే బరువులో చాలా భాగం నీరు. తిండి మొదలుపెట్టగానే అది తిరిగి వస్తుంది.

రెండు. ఈ రెండు పరిశోధనల్లోనూ ఉపవాసం లేనివారిని పక్కన పెట్టి పోల్చి చూడలేదు. అందువల్ల మేలంతా ఉపవాసం వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేం. విశ్రాంతి, ఉప్పు మానడం, మంచి తిండి కూడా కలిసి ఉండొచ్చు.

మూడు. ఉపవాసం అయ్యాక పాత తిండికే తిరిగి వెళితే బరువూ వస్తుంది, బీపీ కూడా వస్తుంది. ఉపవాసం గేటు తెరుస్తుంది. నడవాల్సింది మనమే.

గుండెకి ఏం ప్రమాదం?

మన గుండె పిడికిలంత ఉంటుంది. నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి లక్ష సార్లు. పుట్టింది మొదలు దానికి సెలవు లేదు.

గుండె ఎలా కొట్టుకుంటుంది? దానిలో సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటుకి కొన్ని లవణాలు కావాలి. పొటాషియం, మెగ్నీషియం వంటివి. రైతులకి పొటాష్, భాస్వరం అంటే తెలుసు. పైరుకి అవి ఎంత అవసరమో మనిషికి కూడా అంత అవసరం. అయితే మనకి అవి తిండి ద్వారా రావాలి. ఎరువుల బస్తాలో ఉన్నది మనం తినేది కాదు!

పొలంలో మోటారు చూడండి. మోటారు కొత్తదైనా కరెంటు సరిగ్గా రాకపోతే ఏమవుతుంది? గురగురలాడుతుంది. ఆగిపోతుంది. గుండె కూడా అంతే. పొటాషియం బాగా తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఉన్నట్టుండి ఆగిపోవచ్చు కూడా.

రోజుల తరబడి తిండి లేకపోతే ఈ లవణాలు మూత్రంలో పోతూ ఉంటాయి. కొందరు బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే బిళ్లలు వాడతారు. వాళ్లకి ఇంకా తొందరగా పోతాయి. బయటికి మనిషి బాగానే కనిపిస్తాడు. రక్త పరీక్ష చేస్తే తప్ప లోపలి సంగతి తెలియదు.

ఇద్దరి కథ

స్కాట్లండు దేశంలో ఆంగస్ బార్బియెరి అని ఒకతను ఉండేవాడు. వయసు 27. బరువు 207 కిలోలు. 1965లో డండీ నగరంలోని ఆసుపత్రి డాక్టర్ల పర్యవేక్షణలో ఉపవాసం మొదలుపెట్టాడు. మొదట కొద్ది రోజులే అనుకున్నారు. అతను ఆపలేదు. మొత్తం 382 రోజులు ఉన్నాడు! ఏడాది పైనే. అన్నం లేదు, రొట్టె లేదు. నీళ్లు, పాలు లేని టీ, కాఫీ తాగాడు. చివరికి 82 కిలోలకి దిగాడు. డాక్టర్లు 1973లో ఈ సంగతి రాశారు. అయిదేళ్ల తర్వాత కూడా అతని బరువు 89 కిలోలే.

ఇది విని "అబ్బో!" అనుకుంటాం. కాని దీని వెనక ఏముందో చూడాలి. అతనికి విటమిన్ బిళ్లలు ఇచ్చారు. కొంతకాలం పొటాషియం, సోడియం కూడా ఇచ్చారు. మాటిమాటికీ రక్తం, మూత్రం పరీక్ష చేశారు. అన్నిటికన్నా ముఖ్యం, అతని పెరట్లో కట్టెల మోపు కొండంత ఉంది. 125 కిలోలు తగ్గినా ఇంకా 82 కిలోలు మిగిలాడు. మనలో ఎంతమందికి అంత మోపు ఉంది?

ఇంకొక కథ. 1969లో బ్రిటన్ డాక్టర్లు ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి గురించి రాశారు. ఆమె కూడా బరువు తగ్గడానికే డాక్టర్ల పర్యవేక్షణలో చాలా వారాలు ఉపవాసం ఉంది. బరువు తగ్గింది. ఉపవాసం అయిపోయింది. మళ్లీ తిండి మొదలుపెట్టిన కొద్ది రోజులకి గుండె లయ తప్పి చనిపోయింది. చూస్తే గుండె కండే క్షీణించిపోయి ఉంది. పెరట్లో మోపుతో పాటు ఇంటి వాసాలు కూడా కాలిపోయాయన్నమాట.

ఇలాంటి చావులు మరికొన్ని జరిగాయి. అందుకే ఆ తర్వాత చాలా ఆసుపత్రులు అంత పొడవైన ఉపవాసాలు ఇవ్వడం మానేశాయి. డాక్టరు చూస్తూ ఉన్నా ప్రమాదం పూర్తిగా పోదని వాళ్లకి తెలిసొచ్చింది.

మన తెలుగువారికి తెలిసిన ఉపవాసం కూడా ఒకటుంది. 1952లో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహారదీక్ష చేశారు. 58 రోజులు ఉన్నారు. డిసెంబరు 15న ప్రాణం విడిచారు. అది ఆరోగ్యం కోసం చేసింది కాదు. అది త్యాగం. దాన్ని వైద్యంతో పోల్చకూడదు. అయినా ఒక సంగతి మనకి తెలుస్తుంది. మనసు ఎంత గట్టిదైనా ఒంటికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట ఉంటుంది.

విరమించేటప్పుడే ఎక్కువ జాగ్రత్త

ఉపవాసం అయిపోయింది కదా, ఇక భయం లేదని అనుకుంటాం. కాదు. పొడవైన ఉపవాసం తర్వాత మొదటి వారమే గండం.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. అప్పుడు చెరల నుంచి ఖైదీలు బయటికి వచ్చారు. నెలల తరబడి తిండి లేక ఎముకల గూళ్లయి ఉన్నారు. జాలిపడి కడుపునిండా తిండి పెట్టారు. ఆకలికి తట్టుకున్నవాళ్లలో కొందరు తిన్నాక చనిపోయారు.

ఎందుకు? ఒక పోలిక చెబుతాను. వారం రోజులు నీళ్లు రాని వీధి ఉందనుకోండి. ఒక్కసారి కొళాయి వదిలారు. ముందు ఇళ్లవాళ్లు బిందెలు తెచ్చి ఎగబడి పట్టుకుంటారు. చివరి ఇంటికి చుక్క అందదు.

ఉపవాసం తర్వాత ఒక్కసారిగా అన్నం, పాయసం, లడ్డూ తింటే ఒంట్లో ఇన్సులిన్ పొంగుతుంది. ఆకలితో ఉన్న కణాలన్నీ చక్కెరతో పాటు భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం లాక్కుంటాయి. రక్తంలో అవి ఒక్కసారి పడిపోతాయి. గుండెకి అందవు. ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు, గుండె లయ తప్పడం మొదలవుతాయి.

అందుకే ఉపవాస చికిత్స చేసేచోట తిండిని మెట్టు మెట్టుగా పెంచుతారు. ముందు పలచటి చారు, పండ్లు. తర్వాత ఉడికిన కూరలు. తర్వాత కొద్దికొద్దిగా అన్నం, పప్పు. దీనికి చాలా రోజులు పడుతుంది. వారానికి మించిన ఉపవాసం తర్వాత రక్త పరీక్ష లేకుండా పెద్ద విందు కూడదు.

డాక్టరు చూపులో అంటే ఏమిటి?

"మేం కూడా డాక్టరు చూపులోనే ఉన్నాం" అని కొందరు అంటారు. ఎలా అని అడిగితే "వీడియోలో డాక్టరే చెప్పాడు" అంటారు. అది చూపు కాదు. మనం అతన్ని చూస్తున్నాం. అతను మనల్ని చూడటం లేదు!

నిజంగా చూడటమంటే ఇది:

మొదలుపెట్టే ముందు బరువు, బీపీ, షుగరు చూడాలి. రక్తంలో లవణాలు చూడాలి. మూత్రపిండాలు, కాలేయం ఎలా ఉన్నాయో చూడాలి. ఈసీజీ తియ్యాలి. వాడే మందులన్నీ డాక్టరు ముందు పెట్టాలి. ఏది ఆపాలో, ఏది తగ్గించాలో ఆయన చెప్పాలి.

ఉపవాసంలో రోజూ నాడి, బీపీ చూడాలి. షుగరు ఉన్నవాళ్లకి రోజుకి కొన్నిసార్లు షుగరు చూడాలి. కొన్ని రోజులకి ఒకసారి లవణాలు చూడాలి. బరువైన పని చెయ్యకూడదు. కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, వాంతులు ఆగకపోయినా ఉపవాసం ఆపెయ్యాలి.

అయ్యాక మెల్లగా తిండి పెంచాలి. మందులు మళ్లీ సరిచూడాలి.

ఇవన్నీ జరిగేచోట ఉంటేనే పొడవైన ఉపవాసం. లేకపోతే వద్దు.

ఎవరు అసలు ఉండకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, బాగా ముసలివాళ్లు పొడవైన ఉపవాసం ఉండకూడదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు, టీబీ ఉన్నవాళ్లు ఉండకూడదు. గౌట్ అనే కీళ్లనొప్పి ఉన్నవాళ్లు కూడా వద్దు. ఉపవాసంలో రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, ఆ నొప్పి తిరగబెడుతుంది.

సన్నగా, రక్తం లేకుండా ఉన్నవాళ్లు అసలే వద్దు. ఇది ముఖ్యంగా మన ఆడవాళ్ల కోసం చెబుతున్నాను. 2019-21లో దేశమంతటా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏం తేలిందో తెలుసా? ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నూటికి 57 మందికి పైగా ఆడవాళ్లకి రక్తం తక్కువ. అందరికీ వడ్డించి, మిగిలింది తిని పడుకునే తల్లికి ఇంకా ఉపవాసం ఎందుకమ్మా? ఆమెకి కావలసింది ఒక గుడ్డు, గుప్పెడు వేరుశనగలు, ఆకుకూర పప్పు.

మందులు, ఉపవాసం

షుగరు మందులు అన్నీ ఒక్కటి కాదు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్లలు తిండి ఉన్నా లేకపోయినా షుగరుని దించుతాయి. మా పెద్దమ్మ వేసుకున్నది అలాంటిదే. ఇన్సులిన్ కూడా అంతే. డాపాగ్లిఫ్లోజిన్ వంటి బిళ్లలు మరో రకం. వాటిని వేసుకుంటూ రోజుల తరబడి తిండి మానితే రక్తంలో కీటోన్లు మితిమీరి పెరిగి, రక్తం పులిసినట్టవుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు షుగరు అంకె మరీ పెద్దగా కూడా ఉండదు. అందుకే మోసపోతాం.

అలాగని మందు సొంతంగా మానెయ్యడం కూడా తప్పే. బీపీ బిళ్లలు కొన్ని ఒక్కసారి ఆపితే బీపీ ఎగబాకుతుంది. అందుకే ఒక్కటే మాట. ఉపవాసానికి ముందు డాక్టరుకి గాని, నర్సమ్మకి గాని, ఆశా కార్యకర్తకి గాని చెప్పండి.

షుగరు పడిపోతే ఎలా తెలుస్తుంది? చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడలాడుతుంది. కళ్లు మసకబారతాయి. మాట తడబడుతుంది. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. ఆ ఒక్కరోజుకి వ్రతం పోతుందని వెనకాడకండి. ప్రాణం కన్నా ఏ వ్రతమూ పెద్దది కాదు.

మీరు అడిగిన ప్రశ్నలు

ప్రసంగం మొదలుపెట్టే ముందు కొందరు చీటీల మీద ప్రశ్నలు రాసి ఇచ్చారు. సొంత చేతిరాతతో రాశారు. చాలా సంతోషం.

ఒక అక్క అడిగింది: "ఏకాదశికి, శివరాత్రికి ఉండొచ్చా?" జబ్బులు లేనివాళ్లు ఒక్క రోజు ఉంటే ఏమీ కాదు. నీళ్లు మాత్రం తాగండి. ఎండలో కూలిపనికి పోయే రోజు వద్దు. షుగరు బిళ్లలు వేసుకునేవాళ్లు ఒక్కరోజుకైనా ముందు అడగండి.

ఒక అన్న అడిగాడు: "నాకు షుగరు ఉంది. రోజా ఉండొచ్చా?" రంజాన్‌కి నెల ముందే డాక్టరుని కలవండి. చాలామందికి మందుల వేళలు మార్చి వీలు చెయ్యొచ్చు. కొందరికి వద్దని చెప్పాల్సి వస్తుంది. రోగులకి మినహాయింపు ఇస్లాంలోనే ఉంది కదా.

ఇంకో చెల్లి అడిగింది: "ఉపవాసంతో షుగరు పూర్తిగా పోతుందా?" మంచి ప్రశ్న. బ్రిటన్‌లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. అది ఉపవాసం కాదు. బాగా తగ్గించిన తిండి, రోజుకి సుమారు 850 కేలరీలు, మూడు నుంచి అయిదు నెలలు. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లనే తీసుకున్నారు. నర్సులు, తిండి నిపుణులు వెంట ఉన్నారు. 2017లో ఫలితం వచ్చింది. ఏడాది తర్వాత నూటికి 46 మందికి మందు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. రెండేళ్లకి అది నూటికి 36 అయింది. బరువు మళ్లీ పెరిగినవాళ్లలో షుగరు తిరిగి వచ్చింది. కాబట్టి ఆశ ఉంది. కాని అది ఇరవై ఒక్క రోజుల మాయ కాదు. రోజూ చేసుకునే సేద్యం.

మన దేశంలో సుమారు 10 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో వచ్చిన సర్వే చెప్పింది. వాళ్లందరూ ఆసుపత్రిలో పడుకుని ఉపవాసం ఉండలేరు. ఉండనక్కర్లేదు కూడా. పళ్లెంలో అన్నం ఒక గరిటె తగ్గించి, కూర ఒక గరిటె పెంచుదాం. ఉప్పు రోజు మొత్తానికి ఒక చెంచా దాటకుండా చూసుకుందాం. రాత్రి తిండి పెందలాడే ముగిద్దాం. రోజూ అరగంట నడుద్దాం. ఇది ఎవరైనా చెయ్యగల ఒక్కపొద్దు.

చివరగా

పెద్దమ్మ ఏమైందని మీరు అడగలేదు. నేనే చెబుతాను. ఆమె బాగుంది. తర్వాతి కార్తీకమాసానికి వారం ముందే ఆసుపత్రికి వచ్చింది. "ఒక్క సోమవారం ఉంటానమ్మా. బిళ్ల ఏం చెయ్యమంటావు?" అని అడిగింది. ఆ రోజుకి ఏ బిళ్ల మానాలో, ఏది వేసుకోవాలో చెప్పాను. పాలు, పండ్లు తీసుకోమన్నాను. సాయంత్రం గుడిలో దీపం పెట్టుకుని, ఇంటికి వచ్చి భోజనం చేసింది. ఏ ఇబ్బందీ రాలేదు.

ఆమె చేసిందల్లా ముందుగా ఒక్క మాట అడగడం. మీరూ అడగండి. మేం అడగడం మరిచిపోతే మీరే మాకు గుర్తు చెయ్యండి.



గుర్తుంచుకుందాం

1. ఒక రోజు ఉపవాసం వేరు. రోజుల తరబడి ఉపవాసం వేరు.
2. పొడవైన ఉపవాసంతో బరువు, బీపీ, షుగరు తగ్గవచ్చు. అదే ఉపవాసం గుండె లయ తప్పించవచ్చు.
3. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు ఉపవాసానికి ముందే చెప్పాలి. మందు సొంతంగా మానకూడదు.
4. పొడవైన ఉపవాసం విరమించేటప్పుడు తిండి మెల్లగా పెంచాలి.
5. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పొయ్యకూడదు. 108కి ఫోను చెయ్యాలి.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో ఎవరెవరు ఉపవాసాలుంటారు? వాళ్లలో మందులు వాడేవారు ఎవరు?
2. పెద్దమ్మ మందు మానలేదు. అయినా ఆపద వచ్చింది. ఎందుకు?
3. ఇంటి వాసాలు పొయ్యిలో పెట్టడం అంటే డాక్టరమ్మ ఉద్దేశం ఏమిటి?
4. మీరు వాడే బిళ్లల పేర్లు ఈ రోజు చదివి, మీ పుస్తకంలో రాసుకోండి.